ముక్కు మాస్టారి మార్కులు

“మార్కులు రేపు పొద్దున చెబుతాను సార్,” అంటూ ముక్కు మాస్టారు సగం కాలిన సిగార్‌ను యాష్‌ట్రేలో పెట్టాడు.

“రేపెందుకు? ఇదివరకు నాలుగు దమ్ములు లాగగానే చెప్పేసేవారుగా!” యజమాని కళ్ళు చిట్లించాడు.

“రుచి కాసేపు లోపల నిలవాలి సార్. తొందరపడితే తప్పు చెబుతాం.”

యజమానికి ఆ మాట మింగుడుపడలేదు. మూడేళ్ళు మగ్గబెట్టిన ఆకుతో చుట్టించిన సిగార్ అది. తొంభై మార్కులు దాటితే బంగారు పట్టీ వేసి పెద్ద షాపులకు పంపుతాడు. దాటకపోతే ఆ ఆకంతా చిల్లర చుట్టల పాలే. ఈ ఫ్యాక్టరీలో ఏ సిగార్ తలరాతైనా ముక్కు మాస్టారే రాయాలి. అలాంటి మనిషి ఏడాదిగా ప్రతిదానికీ ఒక రాత్రి గడువు అడుగుతున్నాడు. పోయిన నెలలో పక్కవీధి కంపెనీ అచ్చం వీళ్ళ రుచితోనే ఒక సిగార్ తెచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా! సాయంత్రం వెళ్ళి ఆ కంపెనీవాళ్ళ దగ్గర నోరు విప్పుతున్నాడని యజమాని నిర్ధారణకు వచ్చేశాడు.

ఆ సాయంత్రం కారు వదిలేసి, మాస్టారి వెనకాలే నడిచాడు. మాస్టారు ఎక్కడా ఆగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా ఇంటికెళ్ళి మూడో అంతస్తు ఎక్కాడు. యజమాని కూడా రొప్పుతూ ఎక్కి, వరండా కిటికీ పక్కన నక్కాడు. తన దగ్గర జీతం తీసుకునేవాడి కిటికీలోంచి దొంగలా తొంగి చూడాల్సి వచ్చినందుకు అతనికి ఒళ్ళు మండిపోయింది.

లోపల మాస్టారు ఆ రోజు సంగతులన్నీ ఏకరువు పెడుతున్నాడు. భార్య ఊఁ కొడుతూ అతని కోటు అందుకుంది. కాలరు ముక్కుకి ఆనించి, కళ్ళు మూసుకుంది.

“తోలు వాసన. కాస్త కోకో. చివర్లో మాత్రం పచ్చి చేదు. అరవై ఎనిమిది వేసుకోండి.”

“అంతేనా?” మాస్టారు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. “నిరుటి జ్వరంలో నా ముక్కు చచ్చిపోయినా, నీ ముక్కు పుణ్యమా అని రెండు పూటలా తింటున్నాం.”

అతను తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు.

అనుమానం తీరినందుకు సంతోషించాలో, అరవై ఎనిమిదికి ఏడవాలో యజమానికి తెలియలేదు. తలుపు తట్టాడు.

తీసిన ఆమె కొయ్యబారిపోయింది. “సార్! మీరా!”

“అంతా విన్నానమ్మా. భయపడకండి, ఆయన ఉద్యోగానికి ఢోకా లేదు.” జేబులోంచి కొత్త సిగార్ తీసి రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు. “కోటు మీద వాసనకేం గానీ, దీన్ని ఒక్కసారి చూడండి. మూడేళ్ళ కష్టం. మీరు అరవై ఎనిమిదంటే నా కొంప మునిగినట్టే. ఆ చేదు నిజంగా ఉందా?”

ఆమె సిగార్ ముట్టుకోలేదు. స్నానాలగది వైపు చూసి గొంతు తగ్గించింది.

“ఆయనతో అనకండి సార్, బెంగపెట్టుకుంటారు. ఆ జ్వరం ఇంట్లో ఇద్దరికీ వచ్చింది. నా ముక్కు కూడా అప్పుడే పోయింది.”

“మరి... తోలు, కోకో?”

“పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన నోట విన్న మాటలే సార్. అటూ ఇటూ మార్చి చెబుతుంటాను.”

“మార్కులో?” అన్నాడు యజమాని.

ఆమె తల దించుకుంది.

“సిగార్ ఇచ్చేటప్పుడు మీ మొహం ఎలా ఉందో ఆయన చెబుతారు కదా సార్, దాన్నిబట్టి వేస్తాను. ఇవాళ మీరు పొద్దుటి నుంచీ ఆయన్ని దొంగను చూసినట్టు చూశారట.”