నిపుణుడు గారి కొలతలు

"తల్లులెవరూ లోపలికి రాకూడదు. పాపను మాత్రం పంపండి!"

తలుపు సందులోంచి వరండాలోకి ఓ కేకేసి, నిపుణుడు గారు మళ్ళీ ఫోనులో తల దూర్చారు. చక్రాల కుర్చీలు చేసే సంస్థ ఆయన్ని ఏడాదికోసారి ఈ ఆస్పత్రికి పంపుతుంది. నడవలేని పిల్లల్ని కొలిచి, ఎవరికి ఎలాంటి కుర్చీ కావాలో తేల్చడం ఆయన పని. టేపు కంటే తన కంటిచూపు మీదే ఆయనకు నమ్మకం ఎక్కువ. ఒక్క చూపు చాలట, జాతకం చెప్పేస్తారట!

ఆయన తలెత్తేసరికి ఓ పిల్ల, ఫైలు గుండెకు హత్తుకుని, గది మధ్యలో ఉన్న నమూనా కుర్చీలో కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు కూర్చోడానికి అక్కడ ఉన్నది ఆ చక్రాల కుర్చీ ఒక్కటే.

"పేరేంటి?"

"పాప."

"ఇంట్లో పిలిచే పేరు కాదు... పోనీలే, కుర్చీ పేరుకి కాదుగా."

"అమ్మ బాత్రూంకి తీసుకెళ్ళింది అంకుల్, అందుకని..."

"విన్నావా నర్సమ్మా? ఆ పనికి కూడా తల్లే తీసుకెళ్ళాలి. రాసుకో."

పెట్టెలో కాగితాలు వెతుకుతున్న నర్సమ్మ వచ్చి కలం పట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి పిల్లల్ని ఎత్తి దించిన మనిషి ఆవిడ. నిపుణుడు గారి లెక్కలో మాత్రం ఉత్త రాతపని మనిషి.

"సార్, ఫైల్లో తొమ్మిదేళ్ళని ఉంది. ఈ పిల్ల చూస్తే ఆరేళ్ళదానిలా..."

"ఎదుగుదల లేదన్నమాట. రాసుకో."

"కుర్చీ ఉంటేనే బళ్ళో చేర్చుకుంటామన్నారట సార్. ఈసారి కొలత తప్పితే మళ్ళీ మూడేళ్ళదాకా కుర్చీ రాదు. కాస్త నిదానంగా చూస్తే..."

"నాకే చెప్తున్నావా? తాతకు దగ్గులు నేర్పినట్టు!"

నర్సమ్మకు ఒళ్ళు మండింది. పోయినేడు ఈయన ఇలాగే కొలిస్తే, ఓ పిల్లాడి కుర్చీ వాడికి రెండింతలు వచ్చింది. కాళ్ళు గాల్లో వేలాడాయి. "పిల్లాడే పొట్టి" అని ఈయన చేతులు దులిపేసుకున్నారు. వాడింకా మంచంమీదే ఉన్నాడు. ఈ మహానుభావుడిది రాతిగుండె అంటే రాయికి అవమానం.

టేపు మోకాలి కిందికి వెళ్ళగానే పాప మెలికలు తిరిగి నవ్వింది.

"ఒంటిమీద అదుపు లేదు. నడుముకి బెల్టు. చూడు, కాళ్ళు ఊరికే ఆడుతున్నాయి. పాదాలకి పట్టీలు."

"పట్టీలా! వెండివా అంకుల్?" పాప కళ్ళు మెరిశాయి.

"కట్టేసే పట్టీలే తల్లీ. అర్థం చేసుకునే శక్తీ తక్కువే నర్సమ్మా. రాసుకో."

నర్సమ్మ కలం ఆపేసింది. "సార్, ఒక్కసారి నిలబెట్టి చూద్దామా?"

"నిలబడగలిగితే ఇక్కడికెందుకొస్తుంది? ఇన్నేళ్ళొచ్చాయి, ఆమాత్రం తెలీదూ?"

"అంకుల్, నేను కాదు..." పాప మళ్ళీ నోరు తెరిచింది.

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదమ్మా."

పాప బుద్ధిగా నోరు మూసుకుంది. నిపుణుడు గారు నర్సమ్మ చేతిలోంచి కాగితం లాక్కుని, బరబరా సంతకం గీకారు. ఫోనుతో ఫోటో తీసి వర్క్‌షాపుకి పంపించేశారు.

"అయిపోయింది. ఇక దేవుడు దిగొచ్చినా ఇందులో అంగుళం మారదు. చూశావా, పది నిమిషాలు పట్టలేదు!"

ఆయన ఒళ్ళు విరుచుకుని, ఎంతో పెద్ద మనసు చేసుకుని పాప వైపు వంగారు.

"ఇందాకట్నుంచీ ఏదో చెప్పాలని చూస్తున్నావు. ఇప్పుడు చెప్పు తల్లీ."

పాప కుర్చీలోంచి చెంగున దూకి, "మా అక్కని తీసుకురానా?" అంది.