రాళ్లు తియ్యకుండ్రి

"సాహేబ్, మీ ముందు చక్రం మొత్తుకుంటున్నది. ఘాట్ ఎక్కకుండ్రి."

ఘాట్ కింద సర్ఖని ఊళ్లో చాయ్ తాగి కారెక్కబోతున్న నందకిషోర్ తిరిగి చూశాడు. మాసిన చొక్కా, పెరిగిన గడ్డం, పాత మోటార్ సైకిల్. ఎవడో ముక్కూమొహం తెలియని మనిషి.

నాందేడ్ దాటినప్పటి నుంచి కారు బుయ్‌మని మోగుతున్న మాట నిజమే. గుంతల రోడ్డు మీద మోగక ఏం చేస్తుంది?

"అది రోడ్డు మోత," అన్నాడు.

"కాదు సాహేబ్. బేరింగ్ అరిగింది. చక్రం ఊడుతది. ఎనకకు మలుపుండ్రి, బండ్లు బాగుచేసే మిస్త్రీ ఈడనే ఉన్నడు."

మిస్త్రీ మాట వినగానే నందకిషోర్‌కు సంగతి తెలిసిపోయింది. తను బట్టల దుకాణం వాడు. గిరాకీని పట్టుకొచ్చేవాళ్లను రోజూ చూస్తాడు. పైగా మాహూర్ రేణుకమ్మ దర్శనానికి బయలుదేరితే మధ్యలో వెనక్కి తిరగకూడదని వాళ్లింట్లో పట్టింపు.

"అమ్మనే చూసుకుంటది," అని కారు తోలాడు.

ఘాట్‌లో రెండు మలుపులు దాటాక భార్య సుమంగళ అతని భుజం పట్టుకుంది.

"ఇగో, వాడు మన ఎన్కనే అస్తున్నడు."

అద్దంలో ఆ మోటార్ సైకిల్. ఆపమని చేయి ఊపుతున్నాడు.

ఘాట్‌లో రాళ్లు పెట్టి బండ్లు ఆపి దోచుకుంటున్నారని నిన్ననే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. వెనక సీట్లో ఐదేళ్ల ప్రాచి నిద్రపోతోంది. సుమంగళ మెడలో పుస్తెలతాడు.

"కొంగు కప్పుకో," అని వేగం పెంచాడు.

మోత కూడా పెరిగింది. మలుపు తిరిగినప్పుడల్లా స్టీరింగ్ వణికింది.

ఎత్తు మీద టక్కున చప్పుడైంది. ముందు చక్రం పక్కకు వాలింది. బ్రేకు తొక్కితే పాదం అడుగుదాకా పోయింది. కారు వెనక్కి జారసాగింది. వెనక లోయ.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని హ్యాండ్ బ్రేక్ లాగాడు. కారు ఒక్క కుదుపుతో ఆగింది.

"బతికినం," అంది సుమంగళ.

అంతలోనే కిటికీ పక్కకు వాడొచ్చాడు. చేతిలో పెద్ద రాయి.

నందకిషోర్ తలుపులు బిగించి హారన్ మోగించాడు. మాహూర్ పోతున్న యాత్రికుల జీపు వచ్చి ఆగింది.

"దొంగ! రాయితోని కొడుతున్నడు," అద్దం సందులోంచి అరిచాడు.

జీపులోని వాళ్లకూ ఆ మెసేజ్ వచ్చే ఉంది. నలుగురు దిగారు. ఏమీ అడగకుండానే కొట్టారు.

వాడు తిరగబడలేదు. నెత్తురోడుతున్న నోటితో ఒకటే మాట అన్నాడు.

"రాళ్లు తియ్యకుండ్రి."

తర్వాత కుంటుకుంటూ అడవిలోకి పోయాడు.

ఫోన్ చేస్తే గంటకు సర్ఖని మిస్త్రీ నాగనాథ్ వచ్చాడు. కారు వెనక వంగి చూశాడు. వెనక చక్రాలు రెండింటికీ రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. ఆ వెనక జానెడు నేల, ఆపైన లోయ. మూడో రాయి కిటికీ పక్కన పడి ఉంది.

"హ్యాండ్ బ్రేక్ పట్టింది," అన్నాడు నందకిషోర్.

"గీ ఎత్తు మీద అదేం పడ్తది సేట్? మిమ్ముల ఆపింది ఈ రాళ్లు."

రోడ్డు మీద పడి ఉన్న మోటార్ సైకిల్‌ను నాగనాథ్ లేపి నిలబెట్టాడు.

"ఇది మాణిక్ బండి. ఆయన ఏడి?"

నందకిషోర్ అడవి దిక్కు చూశాడు.

"ఆయన ఎవలు?" అంది సుమంగళ.

"గిట్లనే మోగే బండిని రోడ్డు మోతే అనుకొని ఈ ఘాట్ ఎక్కిచ్చి, పెండ్లాన్ని, బిడ్డను ఈ లోయల పోగొట్టుకున్నోడు అక్కా."