నరాల జిగురు

వల లాగే యంత్రంలో చెయ్యి పడి నరం తెగినప్పటి నుంచి అప్పలసూరి కుడిచేతికి స్పర్శ లేదు. వేడి గంజిగిన్నె పట్టుకుని వేళ్లు కాలినా అతనికి తెలియలేదు. అలాంటివాళ్లకు ఆ రోజుల్లో ఆస్పత్రివాళ్లు గాజుగిన్నెలో చేపగుడ్లు ఇచ్చి ఇంటికి పంపేవారు. నరాల పోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే జిగురును రోగి ఒంటికి తగ్గట్టు తయారుచేసి, ముందు ఆ గుడ్లలో వేసేవారు. వాటిలోంచి వచ్చిన చేపపిల్లల వెన్నులో నరాలు ఒక్క కట్టుగా పెరిగితేనే మనిషికి ఆ జిగురు సూది వేసేవారు.

మొదట ఇచ్చిన గిన్నెలో పిల్లలు చచ్చిపోయాయి. రెండో గిన్నె ఇస్తూ, ఇదీ పోతే ఇంకోటి ఇవ్వడం కుదరదని డాక్టరు ముందే చెప్పేశాడు.

పొద్దున్నే నీళ్లు మార్చి, భార్య వరహాలు ఒక పిల్లను కోడిఈకతో తాకింది. అది కదల్లేదు. మళ్లీ తాకింది. అయినా కదల్లేదు.

"ఏటయినాదే?" అన్నాడు అప్పలసూరి.

"ఏటీ నేదు. నువ్వు గంజి తాగు."

అంతలో వచ్చిన నర్సు కాంతమణి గిన్నెలో వేలు పెట్టి చూసింది. "నీళ్లు మరీ చల్లగా ఉన్నాయమ్మా. కాస్త గోరువెచ్చనివి కలుపు."

వరహాలు కలిపింది. కాసేపాగి ఈక తగిలించగానే పిల్ల చటుక్కున పక్కకు దూకింది. నర్సు భూతద్దం పెట్టింది. గాజులాంటి ఒంట్లో, వెన్ను పొడవునా, నరాలు ఒక్క పేటగా మెరిశాయి.

"అతుక్కున్నాయి" అంటూ నర్సు సూది తీసింది.

"నొప్పెడతాదేటమ్మా?" అన్నాడు అప్పలసూరి.

"ఇవాళ తెలీదు బాబూ. నీ నరం అతుక్కున్నాక పొడిస్తే మాత్రం కేకలు పెడతావు."

ఆ మాటకు వరహాలు ఏడుస్తూనే పగలబడి నవ్వింది.