స్టోన్ అనే ఇంటిపేరు

"స్టోన్ అన్న ఇంటిపేరు మీకెక్కణ్ణుంచి వచ్చిందండీ?" షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది ఆ అమ్మాయి.

అల్సిడ్ తలెత్తలేదు. వెడల్పాటి రేకు పళ్ళెంలో, మేపుల్ చెట్లకి గాట్లు పెట్టి పట్టిన తియ్యటి నీళ్ళు పాకానికని కుతకుతలాడుతున్నాయి. చిల్లుల గరిటెతో నురుగు తీస్తూనే అన్నాడు.

"నీ ఇంటిపేరు నీకెక్కణ్ణుంచి వచ్చింది?"

"మా నాన్న నుంచి."

"నాదీ అంతే. తెలిసిందిగా, ఇక వెళ్ళు."

ఆమె వెళ్ళలేదు. బురద బూట్లు గడప బయట దులుపుకుని లోపలికొచ్చింది.

ఈ పిల్ల ఊళ్ళో తిరుగుతోందని అల్సిడ్‌కి ముందే తెలుసు. కొట్లో అడిగిందట. చర్చిలో ఫాదర్‌ని అడిగిందట. ఆఖరికి సమాధుల మధ్య కూడా తిరిగిందట. "నీ వంశం తవ్వుతున్నార్రోయ్. ఏ దేశపు రాజువో తేలిపోతావు," అని కొట్టు గిల్బర్ట్ నవ్వాడు. అల్సిడ్‌కి నవ్వు రాలేదు. ఒకరి పశువుల పాకలో పేడ ఎత్తి, ఇంకొకరి పొలంలో గడ్డి కోసి, ఈ మంచు కరిగే రోజుల్లో మరొకరి షెడ్డులో పాకం కాచి బతికేవాడి వంశం ఎవరికి కావాలి? కావాలంటే ఏదో ఉండే ఉంటుంది.

"మీవాళ్ళు కెనడా నుంచి వచ్చారా?"

"ఇంగ్లీషువాళ్ళం. తాతముత్తాతల నుంచీ అమెరికాలోనే, ఈ వెర్మాంట్‌లోనే."

"లపియేర్ అన్న పేరు విన్నారా? ఫ్రెంచిలో లపియేర్ అంటే రాయి. ఇంగ్లీషులో అదే స్టోన్."

"ఈ కొండల నిండా రాళ్ళే. వాటినే అడుగు పో."

అంటూ విసురుగా గరిటె దులిపాడు. గరిటె అంచు మీద నుంచి వేడి పాకం మణికట్టు మీద పడింది.

"టబార్నాక్," అన్నాడు పళ్ళ బిగువున.

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. "ఇంగ్లీషువాళ్ళు ఒళ్ళు కాలితే చర్చిలో మందసం పేరెత్తి తిట్టరండీ. ఆ తిట్టు కెనడాలో మా క్యుబెక్ ఫ్రెంచివాళ్ళది." నవ్వు ఆపి, నెమ్మదిగా అడిగింది. "హొర్మిదాస్ లపియేర్ మీకేమవుతారు?"

"కట్టెలు తేవాలి," అని అల్సిడ్ వెనక తలుపులోంచి బయటపడ్డాడు.

కట్టెల పోగు దగ్గర భార్య ఇర్మా నిలబడి ఉంది. అతనికోసం తెచ్చిన బఠాణీల సూపు గిన్నె చేతిలోనే ఉంది.

"విన్నాను," అంది. "ఎవరా పిల్ల?"

"ఎవరో. నాన్న పేరు తెలుసు దానికి."

"అయితే ఆ కుర్రాడి తాలూకు మనుషులే."

"ఇంకెవరవుతారు? దుంగలు నదిలో దింపేచోట నాన్న వాణ్ణి కొట్టడం, వాడు దుంగల కిందికి పోయి మళ్ళీ తేలకపోవడం, నాన్న అడవిలో పడి సరిహద్దు దాటొచ్చి పేరు మార్చుకోవడం... పోయేముందు నా ఒక్కడికే చెప్పాడు. నేను నీకు చెప్పాను. మూడోమనిషికి తెలియదు."

"మట్టిలో ఉన్న మనిషిని ఇప్పుడేం చేస్తారు?"

"ఆయన్నేం చెయ్యరు. రేపట్నుంచి నేను హంతకుడి కొడుకుని. మన మనవలు కూడా బళ్ళో ఆ మాట పడాలి."

ఇర్మా గిన్నె కిందపెట్టింది. "పాపం చేసినవాడికి కూడదని మీ నాన్న బతికినన్నాళ్ళూ సత్ప్రసాదం ముట్టలేదు. చర్చిలో ఆఖరి బల్ల మీద కూర్చుని, అందరూ వెళ్ళి తీసుకుంటుంటే చూసేవాడు. నేనా ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి ఆదివారమే చూశాను ఆ మొహం. ఇప్పుడు నీకూ అదే మొహం వస్తోంది, అల్సిడ్."

అతను చేతుల నిండా కట్టెలు ఎత్తుకుని లోపలికెళ్ళాడు. ఆ అమ్మాయి అతని గరిటె అందుకుని, పాకం పొంగకుండా నురుగు తీస్తోంది. చెయ్యి తిరిగినదానిలాగే తీస్తోంది. సరిహద్దు అవతల పాకం కాచే ఇంటి పిల్లే ఇది, అని అతనికి అనుమానం ఇంకా పెరిగింది.

"నీ పేరేంటన్నావ్?"

"మీరు అడగనేలేదు. మార్జొలేన్. మార్జొలేన్ కిరియన్."

కట్టెలు జారి కాళ్ళ మీద పడ్డాయి.

ఒనెజిమ్ కిరియన్. ప్రతి సాయంత్రం జపమాల పూర్తయ్యాక నాన్న ఆ పేరు ఒక్కటీ గొణిగేవాడు. అదెవరో పునీతుడి పేరనుకునేవాడు చిన్నప్పుడు అల్సిడ్. దుంగల కింద పోయిన కుర్రాడిదని చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

"మా ఇంట్లో లపియేర్ కోసం ఏళ్ళ తరబడి వెతికారు," అంది ఆమె. "పేరు మార్చుకుని ఉంటారని ఎవరికీ తట్టలేదు. ఈమధ్యే నాకు తట్టింది. అప్పట్నుంచి ఈ సరిహద్దు ఊళ్ళలో స్టోన్ అన్న ప్రతి తలుపూ కొడుతున్నాను."

"దొరికితే ఏం చేద్దామని?"

"అది లపియేర్‌కే చెప్పాలి. ఊరంతటికీ కాదు. ముందు మనిషెవరో తేలనివ్వండి."

అల్సిడ్ పొయ్యి తలుపు మూశాడు. గుమ్మంలోకొచ్చి నిలబడిన ఇర్మా వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"హొర్మిదాస్ లపియేర్ మా నాన్న," అన్నాడు. ఇంటి బయట ఎన్నడూ మాట్లాడని ఫ్రెంచిలో అన్నాడు. "పదేళ్ళ కిందట పోయాడు. మీ ఒనెజిమ్ ప్రాణం తీసింది ఆయనే. తెలిసీ నేను దాచాను. ఇప్పుడు పోలీసుల్ని పిలుస్తావో, మా నాన్న సమాధి మీద ఉమ్మేసి పోతావో నీ ఇష్టం. నేను అడ్డురాను."

మార్జొలేన్ గరిటె పక్కన పెట్టింది. ఆమె కళ్ళు నిండాయి.

"పోయారా," అంది. "ఇంత దూరం తీసుకొచ్చి, ఇప్పుడు ఈ మాట మా తాతకి ఎలా చెప్పను?"

"ఏ తాతకి?"

"ఒనెజిమ్ తాతకి. ఆ రోజు దుంగల కింద నుంచి దిగువన ఒడ్డుకి కొట్టుకొచ్చి బతికాడు. చచ్చేలోగా మీ నాన్నని ఒక్కసారి చూడాలని నాతో వచ్చి, బయట కారులో కూర్చున్నాడు."