చప్పుడు చేయని పెట్టె

సియోల్‌లోని ఆ దుకాణంలో హేవోన్ ఒక్కో పెట్టెకూ చెవి ఆనించి వింటోంది. పిల్లి దొడ్డికి కూర్చుని వెళ్ళగానే తమంతట తామే శుభ్రం చేసుకునే పెట్టెలవి.

"పడగ్గదిలో పెట్టాలండీ. కాస్త చప్పుడైనా నాకు నిద్ర పట్టదు."

"అయితే ఇది తీసుకోండి. మోటారు తిరుగుతున్నట్టే తెలీదు," అన్నాడు దుకాణదారు.

వెనక నిలబడ్డ అత్తగారు వంగి చూసింది. "మనుషులకి ఇలాంటిది లేదా బాబూ?"

అతను పగలబడి నవ్వాడు. హేవోన్ కూడా నవ్వింది. "మా అత్తయ్యకి వేళాకోళం ఎక్కువలెండి!"

పెట్టె కొనుక్కుని పక్కనే టీకొట్లో కూర్చున్నారు. హేవోన్ బార్లీ టీ పోసి అత్తగారి ముందుకు జరిపింది. ఆవిడ కప్పు వెనక్కి నెట్టేసింది.

"సాయంత్రమైతే నేను మంచినీళ్ళు కూడా ముట్టనమ్మా. తాగితే రాత్రి లేవాలి. ఫ్లష్ నొక్కితే గోడలు మోగుతున్నాయని నువ్వేగా అన్నావు, నేను మీ దగ్గరికొచ్చిన కొత్తలో?"

ఆవిడ పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. చలికేమోనని హేవోన్ మొన్ననే వాటికి లేపనం కొనిచ్చింది.



అత్తగారు పక్క కుర్చీలోని పెట్టెను మెల్లగా తట్టింది.

"పోన్లే. ఇకనుంచి పిల్లి అయినా హాయిగా ఉచ్చ పోసుకుంటుంది."