కరగని లోయ

“మంచు తగ్గిందా?”

శీనమ్మ పొద్దున లేవగానే అడిగే మొదటి మాట అది. ఆత్మకూరులో మే నెల. ఏడు గంటలకే గచ్చు కాలుతోంది. వీధిలో అందరూ ట్యాంకరు వచ్చిందా అని అడుగుతుంటే, ఈవిడ మంచు సంగతి అడుగుతుంది. మొదట్లో ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు. సంగతి తెలిశాక నవ్వడం మానేశారు.

“చూసి చెప్తానత్తా,” అంది కోడలు షైనీ, కంప్యూటరు ముందు కూర్చుంటూ.

షైనీ ఉద్యోగమే మంచుతో. హిమాలయాల మీదుగా ఉపగ్రహం వెళ్తుంది. అందులోని రాడార్‌కు మబ్బు అడ్డం కాదు, చీకటీ అడ్డం కాదు. అది తీసిన బొమ్మలు హైదరాబాదు ఆఫీసు నుంచి షైనీకి వస్తాయి. ఏ కొండ మీద మంచు ఉంది, ఎక్కడ పోయింది, ఉన్నది కరిగితే కింది వాగుల్లోకి ఎంత నీరు దిగుతుంది అని కంప్యూటరు లెక్క కడుతుంది. ఇరుకు లోయల దగ్గర మాత్రం కొండలు అడ్డం వచ్చి అది తికమకపడుతుంది. అక్కడ మనిషి చూసి సరిదిద్దాలి. ఆ మనిషి షైనీ.

ఆమె భర్త డేవిడ్‌రాజుదీ అదే ఆఫీసు. కొండ మీద మంచు లోతు కొలిచే పరికరం చెడిపోతే బాగుచేయడానికి వెళ్లాడు. పైనుంచి మంచు విరిగి పడింది. తోడు వెళ్లినవాళ్లు ఎలాగో బయటపడ్డారు. అతను లోయలో ఉండిపోయాడు. ఇది నాలుగో వేసవి.

మంచు ఉండగా ఆ లోయలోకి దిగితే మళ్లీ విరిగి పడుతుందని భయం. మంచు పోయిందని షైనీ సరిదిద్ది పంపే మ్యాపు చెబితేనే వెతికే మనుషులు దిగుతారు. అప్పటిదాకా డేవిడ్‌రాజు ఆచూకీ తెలియని మనిషి. షైనీ డేవిడ్‌రాజు భార్య.

కొడుకు బతికి ఉన్నాడన్న భ్రమ శీనమ్మకు లేదు. వాణ్ణి ఆ చలిలోంచి బయటికి తెస్తే చాలు.

“ఈ ఎండల్లో గూడా దుప్పటి కప్పుకొని పండుకునేవాడు గదా షైనీ. రాతిరి మళ్లా కల్లోకొచ్చినాడు. ఏమీ అనలా. వణకతా నిలబడి ఉండాడు.”

ఆ ఇంట్లో అతను లేని చోటు లేదు. చొక్కాలు ఇస్త్రీ చేసి కొక్కేలకు వేలాడుతున్నాయి. అతను ఇంట్లో వదిలి వెళ్లిన పాత ఫోనుకు షైనీ రోజూ ఛార్జింగ్ పెడుతుంది. గేటు చప్పుడైతే అత్తాకోడళ్లు ఒకేసారి తలెత్తుతారు. ఆ తర్వాత కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

పోయిన ఈస్టర్‌నాడు తెల్లవారకముందే అందరూ సమాధుల తోటకు వెళ్లారు. శీనమ్మ తన భర్త చెంచయ్య సమాధికి సున్నం కొట్టించింది. దాని పక్కన మనిషి పొడుగు జాగా చూసి, చుట్టూ ఇటుకలు పేర్పించి, వాటికీ సున్నం కొట్టించింది. ఆ ఖాళీ మట్టి మీద బంతిపూలు చల్లి కొవ్వొత్తి వెలిగించింది. షైనీ గేటు దగ్గరే నిలబడిపోయింది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. పాపం, తట్టుకోలేకపోతోంది అనుకున్నారు.

ఈ మధ్య శీనమ్మకు గుండె జబ్బు ముదిరింది. వచ్చే ఎండాకాలం మాట నెల్లూరు డాక్టరు ఎత్తలేదు. ఆమే అర్థం చేసుకుంది.

ఫోను మోగింది. రామనారాయణ, షైనీ పై అధికారి.

“అమ్మా షైనీ, ఈసారి చుట్టుపక్కల కొండలన్నీ బోడిగా ఉన్నాయి. మన లోయ సంగతేంటి? మనుషులు సిద్ధంగా ఉన్నారు. నువ్వు ఊఁ అంటే రేపే బయల్దేరతారు.”

“ఇంకా ఉంది సార్. ఎండ పడని లోయ గదా.”

“విచిత్రంగా ఉందమ్మా. అంత మంచు ఉంటే కింది వాగులో ఈపాటికి నీళ్లు పెరగాలి. మన లెక్కకూ ఆ వాగుకూ ఒక్క ఏడూ పొంతన కుదరదు.”

“గడ్డకట్టి ఉంటుంది సార్.”

“నిన్ను చూస్తే బాధగా ఉంది. ఆ లోయ ఒక్కటీ ఇంకెవరికైనా ఇస్తానంటే వినవు.”

“వద్దు సార్. ఆయన్ను నేనే చూసుకుంటాను.”

ఫోను పెట్టేసరికి శీనమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

“ఉండాదా ఇంకా?”

“ఉండాదత్తా.”

శీనమ్మ మెల్లగా మంచం మీద కూలబడింది. ఆయాసం వచ్చింది. షైనీ పరిగెత్తి నీళ్లు తెచ్చి తాగించి, వీపు నిమిరింది. కన్నకూతురైనా అంత చేయదని వీధంతా అనే మాటే.

“నేను పొయ్యేలోపల వాణ్ణి వాళ్ల నాయన పక్కన పండుకోబెట్టాలని ఉండాది,” అంది శీనమ్మ. “నీకూ ఒక దారి కావాలి గదా. చిన్నదానివి. ఎన్నాళ్లని నాతో పాటు కూచోనుంటావు?”

“మంచు పోనియ్యత్తా.”

“ఆ మంచుకు కనికరం లేదు షైనీ.”

షైనీ ఆమె తలకింద దిండు సర్ది, కన్నీళ్లు తుడుచుకుంది. ఫ్యాను పెంచి వచ్చి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది. వెనక మంచం మీద శీనమ్మ పెదవులు కదులుతున్నాయి. కొడుకు మీద ఎండ పడేట్టు చూడమని ప్రభువును అడుగుతోంది.

ఆ ప్రార్థన ముగిసేలోపే షైనీ, తెర మీద బండలన్నీ తేలి మెరుస్తున్న ఆ లోయ మీద, ప్రతి వేసవిలాగే, తన చేత్తో మంచు కప్పి మ్యాపు పంపించేసింది.