ఆ పిల్ల పేరు

అమీర్‌పేట మెట్రో కింద మొగిలయ్య టీ కొట్టు. టీవీలో గంట నుంచీ ఒక హీరో విడాకులు, కింద స్క్రోలింగులో ఓ సీరియల్ నటి పెళ్లి చీర రంగు. ఇవా వార్తలు? ఇది జనానికి పట్టే నిద్రమందు! ఒళ్లు మండి, రిమోట్ లాక్కుని స్పోర్ట్స్ ఛానల్ పెట్టాను.

"అన్నా, జర గదే పెట్టన్నా. మంచిగ చూస్తున్న," అంది బెంచీ మీద టీ తాగుతున్న అమ్మాయి.

"నీ అసొంటోళ్లు చూడవట్టే వాళ్లు గదే అమ్ముతుండ్రు!" అని అరిచాను. "మొన్న నేషనల్ కబడ్డీ ఫైనల్ల మన ఆడపిల్లలు గెలిచిండ్రు. ఆఖరి కూతకు పోయిన పిల్ల, మోకాలికి కట్టుతోని, ఒక్కతే ముగ్గుర్ని ఔట్ చేసింది. ఎవ్వనికన్న ఎరుకనా? మీ వల్లనే ఆట సచ్చిపోతున్నది!"

మొగిలయ్య టీ వడగడుతూ అడిగాడు. "గంత అభిమానం ఉన్నది గదా, ఆ పిల్ల పేరేంది తమ్మీ?"

"పేరుతోని ఏం పని? ఆట ముఖ్యం," అన్నాను, గొంతు తగ్గించకుండానే.

అమ్మాయి గ్లాసు పెట్టి లేచింది. "క్యాంపుల మూడు నెల్లు టీవీ లేకుండె అన్నా. గందుకే అడిగిన," అంది. సంచి భుజాన వేసుకుని పంజగుట్ట వైపు కుంటుతూ నడిచింది.

అప్పుడు కనిపించింది మోకాలి కట్టు. జెర్సీ వీపు మీద రాష్ట్రం పేరు, దాని కింద పెద్ద అక్షరాల్లో షెర్లిన్.

మొగిలయ్య నా చేతిలోని రిమోట్ గుంజుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు తమ్మీ."